చిన్న పట్టణంలో కౌన్సెలింగ్ ప్రాక్టీసు: సోషల్ మీడియాను ఎలా వాడుకోవాలి, ఎక్కడ ఆగాలి

నల్లగొండలో రెండు గదులు అద్దెకు తీసుకుని కౌన్సెలింగ్ ప్రాక్టీసు మొదలుపెట్టి 8 నెలలైందని, ఇన్‌స్టాగ్రామ్‌లో వారానికి నాలుగైదు పోస్టులు పెడుతూ 1,400 మంది ఫాలోవర్లను సంపాదించినా గదికి వచ్చేవారు వారానికి ముగ్గురో నలుగురో మించడం లేదని మీరు రాశారు. నెలకు 15,000 రూపాయలిస్తే 30 లీడ్స్ (రావడానికి ఆసక్తి చూపినవారి పేర్లు, నంబర్లు) తెచ్చిస్తామంటున్న ఒక డిజిటల్ మార్కెటింగ్ సంస్థకు ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు. నేను పాలమూరులో 16 ఏళ్లుగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఆ సంస్థకు ఒప్పుకోవద్దన్నదే నా సలహా. అయితే సోషల్ మీడియాను వదిలేయమని మాత్రం చెప్పను. దానితో మన ప్రాంతంలో జరిగే పని వేరు, మీరు దాని నుంచి ఆశిస్తున్న పని వేరు. ఆ తేడా తెలిస్తే మీ శ్రమలో సగం తగ్గుతుంది.

మన దగ్గర అవసరానికి కొదువ లేదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. అంటే ప్రకటనలిచ్చి కొత్తగా అవసరాన్ని పుట్టించాల్సిన పని లేదు, అవసరమున్న మనిషి మన గుమ్మం దాకా రాకుండా ఆపుతున్నదేమిటో తెలుసుకుంటే చాలు. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న "ఎర్రగడ్డ" అన్నది మన వైపు చోటు పేరుగా కాక నిందగా వాడే మాటైపోయింది. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో బస్సెక్కి వచ్చే మనిషి మన ఫీజు గురించి, మన చదువు గురించి ఆలోచించే ముందే "నేను అక్కడికి పోయినట్టు ఎవరికన్నా తెలుస్తదా?" అని ఆలోచిస్తాడు. ఆడపిల్ల తల్లిదండ్రులకైతే ఆ ఒక్క ప్రశ్న ముందు మిగిలినవేవీ నిలవవు.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి కొత్త మనిషినీ మా గురించి ఎలా తెలిసిందని అడిగి రాసుకుంటాను. ఎక్కువమందికి తెలిసిన ఒక డాక్టరో, బంధువో, కాలేజీ లెక్చరరో నా పేరు చెప్పి ఉంటారు. ఆ పేరు విన్న తరువాత వారాల తరబడి, కొందరైతే నెలల తరబడి, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్లో నా వీడియోలు చూసి, నా మాటతీరు విని, ఈమెకు చెప్పుకుంటే బయటికి పోదన్న నమ్మకం కలిగాకే ఫోన్ చేసి ఉంటారు. మన పట్టణాల్లో సోషల్ మీడియా చేసే పని ఇదే. పేరు వినడం ఇంకొకరి నోటి ద్వారా జరుగుతుంది, ఆ మనిషిని దూరం నుంచి చూసి తేల్చుకోవడం ఫోన్ ద్వారా జరుగుతుంది. కాబట్టి మీరు పెట్టే ప్రతి పోస్టూ, ఇచ్చే ప్రతి జవాబూ ఆ చూస్తున్న మనిషి మనసులోని ఒక్క ప్రశ్నకు సమాధానంగా ఉండాలి.

ఇప్పుడు మీ 1,400 మంది సంగతి. ప్రొఫెషనల్ ఖాతా అందరికీ కనిపించేది, దానిని ఎవరు ఫాలో అవుతున్నారో ఎవరైనా తెరచి చూడవచ్చు. నల్లగొండలో ఉంటూ లోలోపల కుమిలిపోతున్న మనిషి, తన మేనబావ, ఆడబిడ్డ, ఆఫీసులో పక్క సీటు వ్యక్తి ఉన్న అదే ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక కౌన్సెలర్‌ను ఫాలో అవ్వడు, పోస్టుకు లైక్ కూడా కొట్టడు. ఒకసారి ఇన్‌సైట్స్ (ఖాతా గణాంకాలు చూపే పేజీ) తెరచి మీ ఫాలోవర్లు ఏ ఊళ్లవారో చూడండి. ఎక్కువమంది హైదరాబాద్‌లోని సైకాలజీ విద్యార్థులు, తోటి కౌన్సెలర్లే అయివుంటారని నా అంచనా. వారు మంచివారే గాని మీ గదికి వచ్చేవారు కారు. వారి లైకుల కోసం రాస్తుంటే మన భాష కూడా తెలియకుండానే వారి భాషగా మారిపోతుంది. లైకులను పక్కనపెట్టి, ఒక పోస్టును ఎంతమంది సేవ్ చేసుకున్నారో, ఎంతమంది వేరొకరికి పంపారో చూడండి. ఆ రెండు అంకెలూ ఇన్‌సైట్స్‌లో కనిపిస్తాయి. సేవ్ చేసుకున్న మనిషి ఎవరో మీకూ తెలియదు, లోకానికీ తెలియదు. మనకు కావలసిన మనిషి అక్కడే ఉంటాడు. నెలకొకసారైనా "మమ్మల్ని ఫాలో కానక్కరలేదు, చదువుకుని వెళ్లవచ్చు" అని రాయండి. నేను అలా రాయడం మొదలుపెట్టాక ఆ మాట చూసే ధైర్యం చేశామని నాతో చెప్పినవారున్నారు.

నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి, ఎందుకంటే మీరు ఇటీవల పెట్టినట్టు రాసిన "ఒక క్లయింట్ కథ" పోస్టులు చదువుతుంటే అది గుర్తుకొచ్చింది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, పేరు మార్చి, వయసు మార్చి, ఒక టీచర్ భార్య తన నిద్రలేమిని ఎలా దాటిందో ఫేస్‌బుక్‌లో రాశాను. మంచి ఉద్దేశంతోనే రాశాను, చాలామంది మెచ్చుకున్నారు. మూడు వారాల తరువాత ఆమె రావడం మానేసింది. ఆమె చెల్లెలు ఆ పోస్టు చదివి "ఇది మా అక్కే కదా" అని ఇంట్లో అన్నదని తరువాత తెలిసింది. నేను పేరు మార్చాను గాని ఆమె పెరట్లోని జామచెట్టును, తెల్లవారుజామున లేచి దాని కింద కూర్చునే అలవాటును మార్చలేదు. ఆమెను కలిసి క్షమాపణ చెప్పుకున్నాను, ఆమె మళ్లీ రాలేదు. మండలమంతా ఒకరికొకరు చుట్టాలయ్యే చోట పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగదు. ఆ మనిషి ఒప్పుకున్నా రాయవద్దంటాను, ఎందుకంటే మన ఎదుట కూర్చుని సాయం పొందుతున్నవారు మన మాట కాదనలేక ఒప్పుకుంటారు. అదీగాక ఆ కథ చదివే పదిమంది కొత్తవారిలో ప్రతి ఒక్కరూ "రేపు నా సంగతీ ఇట్లనే రాస్తదేమో" అనుకుంటారు. మీరు పెట్టిన ఆ మూడు పోస్టులను ఈ రోజే తీసేయండి.

చట్టం కూడా ఈ మాటే చెబుతున్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉన్నది. దాని 23వ సెక్షన్ గోప్యతను బాధితుని హక్కుగానూ, దానిని కాపాడడాన్ని వైద్యసేవ అందించేవారి బాధ్యతగానూ నిర్ణయించింది. 24వ సెక్షన్ ఎలక్ట్రానిక్, డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికి కూడా ఆ హక్కు వర్తిస్తుందని స్పష్టంగా చెప్పింది. మీ ఫోన్లోని వాట్సాప్ సంభాషణ, మీరు దాచుకున్న వాయిస్ మెసేజ్ ఆ కోవలోకి వస్తాయని గుర్తుంచుకోండి.

పనిలో మొదటి అడుగు ఇన్‌స్టాగ్రామ్ కాదు, గూగుల్ మ్యాప్. పేరు విన్న మనిషి ముందు వెతికేది అక్కడే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. అందులో పనివేళలు, సెలవు రోజు, ఫీజు, ఏయే సమస్యలకు సాయం చేస్తారు, ఆన్‌లైన్ సెషన్లు ఉన్నాయా లేదా అన్నవి రాయండి. మెట్ల దారి, తలుపు, కూర్చునే చోటు ఫొటోలు మనుషులెవరూ లేకుండా తీసి పెట్టండి. గడియారం సెంటర్ నుంచి ఎటు తిరగాలో, ఏ మెట్లెక్కాలో ముందే తెలిస్తే వచ్చేవారు కింద కిరాణా దుకాణంలో ఆగి "కౌన్సెలింగ్ సెంటర్ ఎక్కడ?" అని అడగవలసిన అవసరముండదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, ఆ దుకాణంలో అడగలేకే వెనక్కి తిరిగిపోయినవారిని నేను ఎరుగుదును. దంతవైద్యులు, చర్మవైద్యులు, ల్యాబు ఉన్న భవనంలో గది దొరికితే ఇంకా మేలు, మెట్లెక్కే మనిషి ఎవరి దగ్గరికి వెళ్తున్నాడో చూసేవారికి తెలియదు.

రివ్యూల విషయంలో మీరు హోటల్ యజమానిలా ఆలోచించకూడదు. రివ్యూ కింద సాధారణంగా రాసినవారి పేరు, ఫొటో కనిపిస్తాయి. కాబట్టి క్లయింట్లను రివ్యూ రాయమని ఎన్నడూ అడగవద్దు. ఫీజు తగ్గిస్తామని ఆశచూపి రాయించుకోవడాన్ని గూగుల్ నిబంధనలే ఒప్పుకోవు. ఎవరైనా తమంతట తాము మెచ్చుకుంటూ రాసినా "మీరు కోలుకున్నందుకు సంతోషం" అని జవాబివ్వకండి, ఆ ఒక్క వాక్యంతో వారు మీ దగ్గరికి వచ్చినట్టు మీరే ఊరికి చెప్పినవారవుతారు. ఎవరైనా నిందిస్తూ రాస్తే మనసు చివుక్కుమంటుంది, అసలు జరిగిందేమిటో చెప్పాలనిపిస్తుంది, అయినా చెప్పకూడదు. "ఎవరు మా వద్దకు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది మేము ఎక్కడా చెప్పము. మా సేవలో లోపం ఉందనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అన్న ఒకే జవాబును అందరికీ వాడండి. చదివేవారిలో అర్థం చేసుకోవలసినవారు దానిని సరిగానే అర్థం చేసుకుంటారు.

రెండవ అడుగు వాట్సాప్, కానీ మీ సొంత నంబరు మీద కాదు. విడిగా ఒక సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టండి. పనివేళలు దాటాక దానంతట అదే వెళ్లే జవాబులో మీరు ఎప్పుడు తిరిగి రాస్తారో, అత్యవసరమైతే ఏం చేయాలో ఉండాలి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, అది ఆ జవాబులో తప్పనిసరిగా ఉండాలి. క్లయింట్ల నంబర్లను సమస్య పేరుతో సేవ్ చేయవద్దు, ఫైలు నంబరుతో సేవ్ చేయండి. క్లయింట్లతో గ్రూపు ఎప్పుడూ పెట్టవద్దు, ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది. కొత్త వీడియోల సంగతి తెలపాలంటే వాట్సాప్ చానెల్ మేలు, అందులో ఒక ఫాలోవర్ నంబరు మరొక ఫాలోవర్‌కు కనిపించదు. ఆ ఫోన్లోని కాంటాక్టులను ఫేస్‌బుక్‌కు గాని ఇన్‌స్టాగ్రామ్‌కు గాని అప్‌లోడ్ చేయడానికి అనుమతి ఇవ్వకండి. అమెరికాలో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లే రోగులను ఫేస్‌బుక్ ఒకరికొకరిని "మీకు తెలిసినవారేమో" అని చూపించిన సంగతి 2016లో పత్రికల్లో వచ్చింది. అంత పెద్ద దేశంలోనే అలా జరిగితే, గది బయట బెంచీ మీద కూర్చున్నవారే రేపు సంతలో ఎదురుపడే మన ఊళ్లో దాని పర్యవసానం ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక ఏం చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్నదాని గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే మీ పోస్టులు బాగా వెనుకబడినది ఇక్కడే. "యాంగ్జైటీకి 5 సంకేతాలు", "సెల్ఫ్ కేర్ ఆదివారం" వంటివి ఎక్కడో తయారైన పోస్టులకు తెలుగు తొడుగులు. మన మనుషులు ఆ మాటలతో బాధపడరు. "రంది పెట్టుకున్నది", "గుండె దడదడ అంటున్నది", "రాత్రంతా నిద్ర పడతలేదు", "ఊకె బుగులైతున్నది", "పెయ్యంత మంటలు", "ఏ పని మీదా మనసు నిలుస్తలేదు" అంటారు. నేను "రంది అంటే ఏమిటి, అది ఎప్పుడు జబ్బవుతుంది" అన్న పేరుతో పెట్టిన వీడియోను ఇంతవరకు మరేదీ దాటలేదు, అదే విషయం మీద "డిప్రెషన్ లక్షణాలు" అని అంతకుముందు పెట్టినది ఎవరినీ కదిలించలేదు. శీర్షికలో ఆ మాటలను తెలుగు లిపిలోనూ, జనం ఫోన్లలో టైపు చేసే ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయండి. వార్తలు చదివినట్టు కాకుండా, మీ గదిలో ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే మన యాసలో మాట్లాడండి. మన రెండు జిల్లాల్లోనూ ఉర్దూ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, మీకు ఆ భాష వస్తే రెండు మూడు వీడియోలు అందులోనూ చేయండి. మక్తల్, నారాయణపేట వైపు నుంచి వచ్చేవారికి కన్నడం మాట ఒకటి వినిపించినా మొహం విప్పారుతుంది.

ఇన్‌స్టాగ్రామ్ రీళ్ల కంటే యూట్యూబ్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. రీలు రెండు రోజుల్లో మరుగున పడుతుంది, యూట్యూబ్ వీడియోను మూడేళ్ల తరువాత కూడా ఎవరో ఒకరు వెతుక్కుని చూస్తారు. ఇంటిపట్టున ఉండే స్త్రీలు, పెద్దవారు అక్కడే ఉంటారు. నాలుగైదు నిమిషాల వీడియో పక్షానికి ఒకటి చాలు, వారానికి నాలుగైదు పోస్టులు రాసే ఆ సమయాన్ని దీనికి పెట్టండి. విషయాలను క్యాలెండర్ చూసి కాక మన బతుకు చూసి ఎంచుకోండి. ఇంటర్ ఫలితాల వారంలో తల్లిదండ్రులు పిల్లలతో ఏ మాట అనవచ్చు, ఏ మాట అనకూడదు అన్నది ఒకటి. భర్త ముంబైకో పుణెకో వలస వెళ్తే అత్తింట్లో ఒంటరిగా మిగిలిన కోడలి నిద్రలేమి, మద్యం తాగేవారి ఇంట్లో పిల్లలు, పంట పోయి అప్పు మిగిలిన రైతుతో ఇంట్లోవారు మాట్లాడవలసిన తీరు, ఇవన్నీ మనకు తెలిసిన బతుకులే.

కొన్ని వీడియోలు "ఇది కౌన్సెలింగ్‌తో అయ్యే పని కాదు, ముందు ఆసుపత్రికి వెళ్లండి" అని చెప్పడానికే చేయాలి. 2015లో కల్తీ కల్లును అరికట్టినప్పుడు పాలమూరులో ఎంతోమంది వణుకు, ఫిట్లు, పొంతనలేని మాటలతో ఆసుపత్రులకు చేరారు. అలాంటి మనిషిని మన దగ్గరికి తెచ్చి కూర్చోబెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఫలానాది మా పని కాదు అని చెప్పగలిగిన మనిషిని జనం నమ్ముతారు, ఇది నేను మళ్లీ మళ్లీ చూశాను. ఆత్మహత్య గురించి మాట్లాడవలసి వస్తే పద్ధతి వివరించకండి, ఊళ్లో జరిగిన సంఘటనను అడ్డం పెట్టుకుని ఆ రోజే వీడియో చేయకండి, పరీక్ష పోవడమనే ఒక్క కారణానికే దానిని ముడిపెట్టకండి, 14416ను తెర మీద నిలిపి ఉంచండి.

మీ బయోలో "డాక్టర్" అని ఉంది. పీహెచ్‌డీ లేకుండా ఆ మాట పెట్టుకోకూడదు, ఉన్నా "మందులు రాయను" అన్న వాక్యం పక్కనే ఉండాలి. మన వాళ్లు ప్రేమతో అందరినీ డాక్టరమ్మ అంటారు, దానిని మనం బోర్డు మీదికి ఎక్కించుకోవడం మాత్రం వేరు. క్లినికల్ సైకాలజిస్టు అన్న హోదాకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి. మీకు అది ఉందని రాశారు కనుక ఆ నంబరును బయోలోనూ, బోర్డు మీదా రాయండి. "గ్యారంటీ", "4 సెషన్లలో నయం" వంటి మాటలు ఎక్కడ ఉన్నా తీసేయండి. వినియోగదారులను తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది, అవి లేకపోయినా ఆ మాటలు అనదగినవి కావు.

ఇప్పుడు ఆ సంస్థ విషయానికి వస్తాను. వారు తెచ్చే లీడ్ అంటే, ఫేస్‌బుక్‌లో ఒక ఫారం కనిపించి, అందులో పేరు, ఫోన్ నంబరు, "మీ సమస్య ఏమిటి" అన్న ప్రశ్న ఉండి, అది నింపిన మనిషికి ఎక్కడో కూర్చున్న టెలికాలర్ ఫోన్ చేయడం. ఆ ఫోన్ ఇంట్లో ఎవరు ఎత్తుతారో తెలియదు. ఆ వివరాలు ఆ సంస్థ కంప్యూటర్లో ఎంతకాలం ఉంటాయో, ఇంకెవరికి అమ్ముడుపోతాయో కూడా తెలియదు. అమెరికాలో ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అందించే బెటర్‌హెల్ప్ అనే సంస్థ, గోప్యంగా ఉంచుతామని మాటిచ్చి తీసుకున్న వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకు అందించిందన్న అభియోగంపై అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకోగా, 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. వెబ్‌సైట్ పెట్టుకుంటే అందులో ఫేస్‌బుక్ పిక్సెల్ (చూసేవారి వివరాలను ఫేస్‌బుక్‌కు చేరవేసే కోడ్) వేయించవద్దని నేను చెప్పడానికి కారణం అదే.

ప్రకటన ఇవ్వాలనే ఉంటే మీరే స్వయంగా, మంచి వీడియో ఒకదానిని నల్లగొండ చుట్టూ 40 కిలోమీటర్ల వరకు, రోజుకు 150 రూపాయలతో పది రోజులు చూపించి చూడండి. మిర్యాలగూడ, సూర్యాపేట కూడా దాదాపు ఆ పరిధిలోకే వస్తాయి. 2022 జనవరి నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని అయిన మెటా సంస్థ ఆరోగ్య సమస్యలకు సంబంధించిన ఆసక్తులను బట్టి మనుషులను ఎంచుకునే వీలును తీసేసింది, కాబట్టి "డిప్రెషన్ ఉన్నవారికి మాత్రమే చూపిస్తాం" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. "మీరు డిప్రెషన్‌తో బాధపడుతున్నారా?" అని చూసేవారి ఆరోగ్యాన్ని వేలెత్తి చూపే ప్రకటనను కూడా మెటా నిబంధనలు ఒప్పుకోవు. "నిద్రలేమికి, దిగులుకు నల్లగొండలో కౌన్సెలింగ్" అంటే సరిపోతుంది. ఆ మాట మర్యాదగానూ ఉంటుంది.

పేరు వినడం ఇంకొకరి నోటి ద్వారా జరుగుతుందని మొదటే అన్నాను, పేరు చెప్పేవారు లేకపోతే ఇవేవీ పనిచేయవు. నెలకు రెండు మధ్యాహ్నాలు కేటాయించి జనరల్ ఫిజీషియన్లను, పిల్లల డాక్టర్లను, గర్భిణులను చూసే డాక్టర్లను, కాలేజీ ప్రిన్సిపాళ్లను కలవండి. వారికి మీ యూట్యూబ్ లింకు ఒకటి పంపండి, రోగికి పంపడానికి వారికి అది సులువుగా ఉంటుంది. ఊళ్లలోని ఆర్ఎంపీలు మనిషిని పంపి కమీషన్ అడుగుతారు, అక్కడ ఒక్కసారి తల ఊపితే మళ్లీ వెనక్కి రాలేరు. మొదటి రోజే లేదని చెప్పండి.

ఆ 15,000 రూపాయలను మాత్రం ఖర్చు పెట్టండి, మీ గది తలుపు మీద. పలుచని ప్లైవుడ్ తలుపు అని, బయట బెంచీ మూడడుగుల దూరంలోనే ఉందని మీరే రాశారు. గట్టి తలుపు బిగించి, సందులకు రబ్బరు పట్టీ వేయించి, బెంచీని మెట్ల వైపు మార్పించి, సెషన్‌కు సెషన్‌కు మధ్య 20 నిమిషాలు ఖాళీ ఉంచండి. లోపలి మాట బయటికి వినబడదని నిర్ధారించుకున్న తరువాత, మూసిన ఆ తలుపు ముందు నిలబడి "ఇక్కడ చెప్పినది ఇక్కడే ఉంటుంది" అని ఒక నిమిషం వీడియో తీసి మీ ప్రొఫైల్ పైభాగాన పెట్టండి.